ఫోన్ లేని ఎనిమిది గంటలు

మా ఇంట్లో ప్రేమ అనే మాట ఎవరి నోటా నేను వినలేదు. దానికి బదులు ఫికర్ అనేవాళ్లు. "నీ ఫికరే ఉంటది బిడ్డా" అని మా బాపు అన్నాడంటే అంతకు మించిన మాట ఆయన దగ్గర లేదని అర్థం. ఆ ఫికర్‌ను చూపించే తీరు కూడా ఆయనకు ఒక్కటే తెలుసు. తిన్నవా అని అడగడం. మాది కేతేపల్లి దగ్గరి పల్లె, గొర్రెలు కాసుకునే ఇల్లు. పగలంతా మంద వెంట తిరిగి, సాయంత్రం గొర్రెలను దొడ్లోకి తోలి, తడక అడ్డం పెట్టి, చేతులైనా కడుక్కోకముందే నాకు ఫోన్ చేసేవాడు. అప్పటికి సరిగ్గా ఆరున్నర. మధ్యాహ్నం అన్నానికి ఆలస్యం, రాత్రి అన్నానికి తొందర. "గీ యాళ్ల ఎవలు తింటరు బాపు?" అంటే, "ఏదో ఒకటి తినే ఉంటవు కద" అనేవాడు. తిన్న అంటే "సరే" అని పెట్టేసేవాడు. ఒక్కోసారి అమ్మ ఆ ఫోన్ లాక్కుని ఊళ్లో ఎవరింట్లో ఏమైందో చెప్పేది. బాపు వంతు మాత్రం ఆ రెండు ముక్కలే.

ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఇరవై మూడేళ్ల వయసులో నేను చేసిన పొరపాటు ఇక్కడే మొదలైంది. తిన్నవా అని అడిగేవాళ్లంతా ఒకటే అనుకున్నాను.

అప్పటికి రాష్ట్రం వచ్చి నాలుగైదేళ్లు. నల్లగొండలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పూర్తిచేసి, జడ్చర్ల దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో ల్యాబ్ ఉద్యోగంలో చేరాను. తయారైన గోళీలను తెచ్చి మా ముందు పెడతారు. వాటిని కరిగించి, యంత్రానికి ఎక్కించి, అందులో ఉండాల్సినంత మందు ఉందో లేదో చూసి రాయడం మా పని. మొదటి ఏడాది ప్రొబేషన్, అది దాటితే పర్మినెంట్. మా ఇంట్లో నెల జీతం తీసుకున్న మొదటి మనిషిని నేనే. "మా బిడ్డ మందులు చూస్తది" అని అమ్మ ఊరంతా చెప్పుకునేది. దాంతో నేను సెలవుకు పోయినప్పుడల్లా ఇద్దరు ముగ్గురు ముసలమ్మలు వచ్చి మోకాళ్ల నొప్పులు చెప్పుకునేవాళ్లు. నేను డాక్టర్ను కాదంటే, చెప్పడం ఇష్టం లేక అలా అంటున్నాననుకునేవాళ్లు. ఆ ఉద్యోగమంటే నాకు చెప్పలేనంత ఇష్టం. తెల్లకోటు, తలకు టోపీ, ఎవరూ గట్టిగా మాట్లాడని గది. చిన్నప్పటి నుంచి గొర్రెల అరుపుల మధ్య చదువుకున్నదాన్ని, నిశ్శబ్దంలో కూర్చుని పనిచేస్తే జీతం ఇస్తారంటే నమ్మబుద్ధి కాలేదు.

ఆ ఫ్యాక్టరీలో ఒక నియమం ఉండేది. ఫోన్ లోపలికి తీసుకుపోకూడదు. గేటు పక్క గదిలో చిన్న చిన్న ఇనుప అరలు. అక్కడ ఫోన్ ఇస్తే అరలో పెట్టి తాళం వేసి, నంబరున్న ప్లాస్టిక్ బిళ్ల చేతికి ఇచ్చేవాళ్లు. ఆ బల్ల వెనక కూర్చునే ఆమెను మేమంతా టోకెన్ అక్క అనేవాళ్లం. దగ్గరి పల్లె మనిషి, నలభై దాటి ఉంటాయి. పొద్దున మేం వరసలో నిలబడగానే "ఇచ్చి పోండ్రి మీ ప్రాణాలు" అనేది. సాయంత్రం అయిదున్నరకు డ్యూటీ దిగగానే ఆడపిల్లలమంతా ఆ బల్ల మీద పడేవాళ్లం. అందరికంటే ముందు నేనుండేదాన్ని, ఎందుకంటే ఆరున్నరకు బాపు ఫోన్, అంతకంటే ముందు అతని ఫోన్.

అతను ఎమ్మెస్సీలో నా క్లాసే. రామన్నపేట వైపు ఊరు. చదువుకునే రోజుల్లో మా ఇద్దరి మధ్య మాటలు తక్కువ, నోట్సులు ఎక్కువ. అతనికి హైదరాబాదులో ఆఫీసు ఉద్యోగం వచ్చింది, నాకు ఇక్కడ. కొత్త ఊళ్లో ఒంటరిగా ఉన్న రోజుల్లో ఒకనాడు అతని మెసేజ్ వచ్చింది. "రూమ్‌కు చేరినవా? తిన్నవా?" అంతే ఉంది అందులో. నేను కరిగిపోవడానికి అంతే చాలింది. మూడు నెలల్లో మేం ఒకరికొకరం అయ్యాం. ఒకసారి నాకు జ్వరం వస్తే ఆదివారం పొద్దున్నే బస్సెక్కి వచ్చి ఇడ్లీలు, జ్వరం గోళీలు ఇచ్చి పోయాడు. "మందుల ఫ్యాక్టరీల పనిచేసేదానికి మందులు తెచ్చి ఇచ్చిండే" అని నా రూమ్మేట్ పడిపడి నవ్వింది. ఆమెది పాలమూరు, నాతోపాటే ల్యాబ్‌లో చేరింది. లేడీస్ హాస్టల్లో మా ఇద్దరికీ కలిపి ఒక గది, ఒక బకెట్. నా అదృష్టం చూసి కొంచెం కుళ్లుకునేది కూడా. నాకు గర్వంగా ఉండేది, దాచుకోవడం ఎందుకు.

మొదటిసారి తేడా వచ్చింది ఆరున్నర దగ్గరే. బాపుతో మాట్లాడుతుండగా అతను చేశాడు, బిజీ వచ్చింది. నేను తిరిగి చేయగానే అడిగాడు.

"ఎవలతోని మాట్లాడుతున్నవ్?"

"బాపుతోని."

"మీ బాపు రెండు మాటలే మాట్లాడుతడని నువ్వే చెప్పినవ్. నాకు అయిదు నిమిషాలు బిజీ వచ్చింది."

"అమ్మ ఫోన్ గుంజుకున్నది."

"జర స్క్రీన్‌షాట్ పంపు."

నవ్వుకుంటూ పంపాను. ఆటలాగే అనిపించింది. ఇంత పట్టించుకునేవాడు ఎంతమందికి దొరుకుతాడు అని కూడా అనుకున్నాను. ఆ తర్వాత తిన్నవా అంటే తిన్న అని చెప్పడం సరిపోలేదు, ప్లేటు ఫోటో కావాల్సి వచ్చింది. ప్లేటు ఫోటోలో పక్కన ఇంకో ప్లేటు కనిపిస్తే అది ఎవరిది అనేది. "లేడీస్ హాస్టల్ మెస్ నాయినా ఇది, పక్కన ఆడపిల్ల కాక ఎవలుంటరు?" అంటే నవ్వి, "అయితే ఆమె మొఖం చూపియ్యి" అనేవాడు. మా మెస్‌లో చారు ఎలా ఉండేదో అతనికి తెలిసినంత వండే ఆవిడకు కూడా తెలియదు.

ఫోన్ పాస్‌వర్డ్ సంగతి ఇంకా తెలివిగా జరిగింది. నన్ను అడగలేదు. ముందు తనది చెప్పేశాడు. "నా దగ్గర దాచేది ఏం లేదు, నువ్వు ఎప్పుడన్నా చూసుకో" అన్నాడు. ఆ తర్వాత రెండు రోజులు ఏమీ అనకుండా ఊరుకున్నాడు. మూడో రోజుకు నా అంతట నేనే నాది చెప్పాను. చెప్పకపోతే నా దగ్గరేదో దాపరికం ఉన్నట్టయ్యేది. అడగకుండా అడగడం ఎలాగో అతని దగ్గర నేర్చుకోవాలి. ఇంత తెలివి పరీక్షల్లో చూపిస్తే గోల్డ్ మెడల్ వచ్చేది.

రూమ్మేట్ మీద కూడా అంతే. ఆమెతో టీకి పోవద్దని అతను ఒక్కసారి కూడా అనలేదు. నేను పోయి వచ్చిన ప్రతిసారీ ముభావంగా ఉండేవాడు. ఏమైంది అంటే "ఏం లేదు" అనేవాడు. ఆ 'ఏం లేదు'ను విప్పడానికి నాకు గంట పట్టేది. గంట ఖర్చు పెట్టడం కంటే టీ మానేయడం తేలిక. మానేశాను. ఆమె రెండు మూడుసార్లు పిలిచి, తర్వాత పిలవడం మానేసింది. ఒకే గదిలో ఉంటూ, ఒకే బకెట్ వాడుతూ, మేం పక్కింటివాళ్లలా అయిపోయాం.

అతను గట్టిగా ఒక్క మాట కూడా అనేవాడు కాదు. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టేవాడి సంగతి మాకు తెలుసు. మా ఊళ్లో తాగి తిట్టేవాళ్లుంటే వాళ్ల ఇళ్లు దూరం నుంచే గుర్తుపడతాం. నెమ్మదిగా, ఫికర్‌తో, తిన్నవా అంటూ వచ్చేవాడిని గుర్తుపట్టడం మాకు ఎవరూ నేర్పలేదు.

ఒక్క గేటు మాత్రం అతనికి లొంగలేదు. పొద్దున తొమ్మిదిన్నరకు ఫోన్ అరలోకి పోతే మళ్లీ అయిదున్నరకే. ఆ ఎనిమిది గంటలు నేను ఎక్కడున్నానో అతనికి తెలిసే దారి లేదు. మొదట్లో అతనే ఆ నియమాన్ని తిట్టుకునేవాడు. నేనూ అతనితోపాటు తిట్టేదాన్ని. కానీ యంత్రం ముందు కూర్చోగానే నా భుజాలు తేలికయ్యేవి. ఆకలి వేసేది. క్యాంటీన్‌లో పక్కన ఎవరున్నారో చూసుకోకుండా తినేదాన్ని. ఆదివారం ఎవరైనా సెలవు పెడితే ఆ డ్యూటీ నేను చేస్తానని ముందుకు పోయేదాన్ని. ఈ పిల్లకు పని మీద ఎంత శ్రద్ధ అని మా ల్యాబ్ సార్ మెచ్చుకున్నాడు. నేను కూడా అది శ్రద్ధే అనుకున్నాను.

వానాకాలంలో ఒక మధ్యాహ్నం ల్యాబ్ ఇంటర్‌కమ్ మోగింది. ఇంటి నుంచి ఫోన్ వచ్చిందట, నా అన్న చేశాడట, బాపుకు సీరియస్‌గా ఉందట. నాకు అన్న లేడన్న సంగతి ఆ నిమిషాన తట్టలేదు. కోటు, టోపీ ఎక్కడ విప్పేశానో గుర్తులేదు. ఆ పొడుగు వరండా అంతా పరిగెత్తి గేటు గదికి చేరాను. బిళ్ల తేలేదు. "తర్వాత ఇద్దువు తీ, ముందు ఫోన్ చెయ్యి చెల్లె" అని టోకెన్ అక్క అర తెరిచి ఇచ్చింది. బాపు ఎత్తలేదు. రెండోసారి ఎత్తలేదు. ఆయన ఫోన్ గొంగడి మూటలో ఉంటుందని తెలుసు, అయినా మళ్లీ నొక్కాను. మూడోసారి ఎత్తాడు.

"బాపు, నీకేమైంది?"

"నాకేమైతది బిడ్డా? గొర్లు నీళ్లు తాగుతున్నయ్. ఏమైంది, డ్యూటీకి పోలేదా?"

నేను నేల మీద కూలబడి ఏడ్చాను. సంగతి తెలియకపోయినా టోకెన్ అక్క సీసా నీళ్లు ఇచ్చి పక్కన నిలబడింది. అప్పుడే అతని ఫోన్ వచ్చింది. నవ్వుతున్నాడు. "నేనే చేపిచ్చిన, మా దోస్తుతోని. నిజంగనే డ్యూటీల ఉన్నవా లేదా అని చూసిన. పొద్దుగాల నీ గొంతు వేరే తీరున్నది."

ఆ రోజు నాకు కోపం రావాల్సింది. రాలేదు. బాపు బాగున్నాడన్న సంతోషం ఎంత పెద్దగా ఉందంటే కోపానికి జాగా మిగల్లేదు. తర్వాతి ఆదివారం అతను జడ్చర్ల వచ్చి, బస్టాండ్ ఎదురుగా టిఫిన్ సెంటర్లో నా ముందు కూర్చుని ఏడ్చాడు. చుట్టూ జనం చూస్తున్నా ఏడ్చాడు. "నీ మీదున్న ఫికర్ తోనే చేసిన" అన్నాడు. వేరే ఏ మాట అన్నా నేను లేచిపోయేదాన్నేమో. మా ఇంటి మాట, బాపు మాట, అతని నోటి వెంట వచ్చేసరికి మెత్తబడ్డాను. పైగా ఇంకో పని చేశాను, అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. సాయంత్రం బిజీ రాకుండా ఉంటే గొడవలుండవని, బాపుకు ఫోన్ చేసి, డ్యూటీ టైము మారింది, ఇకమీదట ఆదివారమే చెయ్యి అని చెప్పాను.

ఆయన "అట్లనే బిడ్డా" అన్నాడు. అంతకు మించి ఏమీ అడగలేదు.

ప్రొబేషన్ ఇంకో నెల ఉందనగా అతను అసలు సంగతికి వచ్చాడు. ఫోన్ లోపలికి పోనియ్యని ఉద్యోగం ఆడపిల్లకు మంచిది కాదట. ఏదన్నా ఆపద వస్తే ఎలా. హైదరాబాదులో వాళ్ల బావ నడిపే కోచింగ్ సెంటర్లో చేరితే పక్కనే ఉండొచ్చు, ఫోన్ చేతిలోనే ఉంటుంది. నేను ఆలోచిస్తానన్నాను. రెండు రోజుల్లో రాజీనామా లేఖ తనే రాసి పంపాడు. నా పేరు, నా హోదా, చాలా మర్యాదగా, ఒక్క తప్పు లేకుండా. కారణం దగ్గర "ఇంటి పరిస్థితుల వల్ల" అని ఉంది. మా ఇంటి పరిస్థితి ఏమిటంటే అమ్మ ఊరంతా నా ఉద్యోగం గురించి చెప్పుకుంటోంది. "పర్మినెంట్ అయితే నోటీసు పీరియడ్ అని ఆపుతరు. గీ నెలలనే ఇచ్చెయ్యి. కింద సంతకం పెడితే చాలు" అన్నాడు. జిరాక్స్ షాపులో ప్రింటు తీయించుకున్నాను. సంతకం పెట్టాను. రేపు పొద్దున ఇద్దామని సంచిలో పెట్టుకున్నాను. అంతా ఎంత నిదానంగా జరిగిందో చూస్తే ఇప్పుడు ఆశ్చర్యమేస్తుంది. ఎవరూ నా చెయ్యి పట్టి రాయించలేదు.

ఆ సాయంత్రం డ్యూటీ దిగి గేటు గదికి వచ్చాను. అందరూ ఫోన్లు తీసుకుని బస్సెక్కుతున్నారు. నేను కుండలోంచి నీళ్లు తాగాను. చెప్పుల బకిల్ విప్పి మళ్లీ పెట్టుకున్నాను. ఆఖరున బిళ్ల ఇచ్చాను. టోకెన్ అక్క ఫోన్ తీయలేదు. బిళ్లను చేతిలో తిప్పుతూ నా వైపు చూసింది.

"ఒక మాట అడుగుత, ఏమనుకోకు చెల్లె. మొదట్ల నువ్వే అందరికంటె ముందు ఉరికొస్తుంటివి. ఇప్పుడు అందరు పోయినంక గని తీస్కోవు. ఇంత సేపు నీళ్లు తాగుతవు. ఏడాదికెల్లి చూస్తున్న. ఫోన్ సేతికి రాంగనే నీ మొఖం మారుతది. అందుల ఎవలున్నరు?"

"ఎవలు లేరక్కా."

"సరే, లేరు" అని అర తెరిచి ఫోన్ ఇచ్చింది. "ఆపదున్నోళ్లు ఫోన్ కోసం ఉరుకుతరు. నువ్వు ఫోన్‌ను చూసి ఆగుతున్నవ్. నాకు చదువు రాదు గని, గంత మాత్రం ఎరుకైతది."

తెరిచి చూస్తే ఇరవై రెండు మెసేజీలు. మొదటిది "తిన్నవా". ఆఖరిది "ఎక్కడ చచ్చినవ్". మధ్యలో ఉన్నవాటిని అప్పటికి చదవకుండానే చెప్పగలిగేదాన్ని. ఆ రెండింటి మధ్య దారి నాకు అలవాటైపోయింది.

మరునాడు లేఖ సంచిలో పెట్టుకునే లోపలికి పోయాను. ఆఫీసు పదింటికి తెరుస్తారు. ఆలోగా ఒక పని పూర్తి చేద్దామని గోళీలు కరిగించి యంత్రానికి ఎక్కించాను. యంత్రం తెర మీద గీత మెల్లగా సాగుతోంది. ఎంతసేపైనా దాన్ని చూస్తూ కూర్చోవచ్చు నేను. అప్పుడు నాకు అక్క మాట గుర్తొచ్చి, ఏడాదిగా నేను ఊపిరి పీల్చుకుంటున్నది ఎక్కడా అని చూసుకున్నాను. ఈ గదిలో. రోజుకు ఎనిమిది గంటలు. నేను రాసివ్వబోతున్నది సరిగ్గా ఆ ఎనిమిది గంటలనే. భయమేసింది. అతనంటే కాదు, నేనంటే. ఎంత మర్యాదగా నన్ను నేను అప్పజెప్పడానికి తయారయ్యానో చూసుకుంటే భయమేసింది.

పదయింది, పదకొండయింది. ఆఫీసు వైపు పోలేదు. మధ్యాహ్నం క్యాంటీన్‌లో నా రూమ్మేట్ ఎదురుగా పోయి కూర్చున్నాను. నాలుగు నెలలైంది అలా కూర్చుని. సంచిలోంచి ఆ కాగితం తీసి టిఫిన్ డబ్బా కింద పరిచాను. డబ్బా అడుగున ఎప్పుడూ పచ్చిపులుసు కారుతుంది. కాగితం తడిసిపోయాక ఆమె దాన్ని గుంజుకుని చదివింది, నా వైపు చూసింది.

"గిది నువ్వు రాసినవా?"

"కాదు. సంతకం ఒక్కటే నాది."

"అన్నం తిను ముందు" అంది. సాయంత్రం నాతోపాటు గేటు గది దాకా వచ్చింది.

అక్కడే, ఇద్దరు ఆడవాళ్ల మధ్య నిలబడి అతనికి ఫోన్ చేశాను. గోడకు ఆనుకున్నాను. "నేను రాజీనామా ఇస్తలేను. ఇగ మనం మాట్లాడుకునుడు కూడ బంద్" అన్నాను. ముందు బతిమాలాడు. తర్వాత ఏడ్చాడు. ఆ తర్వాత, అప్పటిదాకా నేను ఎన్నడూ వినని గొంతుతో, "మన ఫోటోలు మీ బాపుకు పంపిస్త. నీ నౌకరి ఎట్ల ఉంటదో చూస్త" అన్నాడు. ఆ ఫోటోల్లో టిఫిన్ సెంటర్లో దోసెలు తినడం తప్ప ఏమీ లేదు. కానీ మా ఇళ్లలో అది చాలు. అతనికి నా గురించి ఏం తెలిసినా తెలియకపోయినా, ఆడపిల్ల ఉద్యోగం ఎక్కడ తెగుతుందో బాగా తెలుసు.

శనివారం సెలవు పెట్టి కల్వకుర్తి, దేవరకొండ మీదుగా బస్సులు మారి ఊరికి పోయాను. అతనికంటే ముందు నేనే చెప్పాలి. దారంతా మాటలు కూర్చుకున్నాను. దొడ్డి దగ్గర అమ్మా బాపూ ఇద్దరూ ఉన్నారు. కూర్చుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. మొత్తం అడ్డదిడ్డంగా చెప్పేశాను. అబద్ధపు ఫోన్ సంగతి, లేఖ సంగతి కూడా. ఆదివారం ఫోన్ల సంగతి చెప్పేటప్పుడు బాపు మొఖం చూడలేకపోయాను.

అమ్మ నెత్తి మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. "అందుకే అంటరు ఆడపిల్లను గంత దూరం తోలొద్దని. చాలు నీ నౌకరి. సోమారం పోకు. ఇంట్ల ఉండు" అంది.

నాకు తెలిసిందే జరిగింది. ఏడాది పొడుగునా ఇంట్లో చెప్పకపోవడానికి కారణమే అది. అటు చెప్పకపోతే అతను ఉద్యోగం మాన్పిస్తాడు, ఇటు చెబితే అమ్మ మాన్పిస్తుంది.

బాపు తడక తాళ్లు బిగిస్తూ విన్నాడు. ఆఖరి ముడి వేసి నా వైపు తిరిగాడు.

"కొట్టిండా?"

"లేదు బాపు."

"కొట్టేదాక ఆగలేదు, మంచిపని చేసినవ్." తర్వాత అమ్మ వైపు తిరిగాడు. "వాడు ఇడువుమంటె ఇడువలేదు నౌకరి. నువ్వు ఇడువుమంటె ఇడుస్తదా? వాడు నువ్వు ఒకటేనా?"

అమ్మ ఆ పూట నాతో మాట్లాడలేదు. ఆదివారం పొద్దున మాత్రం నా సంచిలో సకినాల డబ్బా పెట్టింది. రూమ్మేటుకు కొన్ని, గేటు దగ్గరామెకు కొన్ని ఇయ్యి అని డబ్బాతోనే మాట్లాడినట్టు చెప్పింది. ఫోటోలు వస్తే రానీ అన్నాడు బాపు. వచ్చాయి కూడా, బుధవారం. బాపుది ఫోటోలు రాని ఫోన్, అందుకని మా పెదనాయిన కొడుకు ఫోన్‌కు. ఆ పిల్లోడు తెచ్చి చూపిస్తే బాపు దూరం పెట్టి, దగ్గర పెట్టి చూసి, "దోసెలు మంచిగ కాలినయ్" అన్నాడట. అమ్మ చెప్పగా విని హాస్టల్ మెట్ల మీద కూర్చుని నవ్వాను. ఆ నవ్వులో ఏడుపు కలిసిందని ఒప్పుకుంటాను.

ఆ ఫోటోలకు ముందు, నేను ఊరి నుంచి తిరిగొచ్చిన మరునాడు, సోమవారం జరిగింది చెప్పి ముగిస్తాను. ఊరి నుంచి బయల్దేరేటప్పుడు బస్సు దగ్గర బాపుతో అన్నాను, ఇకమీదట రోజూ చెయ్యి, పాత టైముకే అని. ఆయన తల ఊపాడు. సోమవారం డ్యూటీ దిగి, నీళ్లు తాగకుండా నేరుగా ఫోన్ తీసుకున్నాను. టోకెన్ అక్క సకినం నములుతూ "ఉరికిరా, ఉరికిరా" అంది. హాస్టల్‌కు వచ్చి మంచం మీద కూర్చున్నాను. ఫోటోలు ఎప్పుడు వస్తాయోనని పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. ఆరున్నర అయింది.

"తిన్నవా బిడ్డా?"

"తిన్న బాపు" అన్నాను. అబద్ధం.

"సరే" అని పెట్టేశాడు.

ఫోన్ అలాగే చెవి దగ్గర పెట్టుకుని ఉన్నాను. ఇంకో ప్రశ్న వస్తుందని, ఫోటో అడుగుతారని, ఎవరితో అంటారని, అలవాటుగా ఎదురుచూశాను. ఏమీ రాలేదు. నేను తిన్నానంటే తిన్నానని నమ్మి ఆ మనిషి గొర్రెలు చూసుకోవడానికి పోయాడు. మెస్ తెరిచేదాకా కూర్చుని, ప్లేటు కడుక్కుని, పోయి కడుపునిండా తిన్నాను.